ఆట అందరిది, బొమ్మ చేసినవాడిది

"గిది ప్లే స్టోర్‌ల పెడితే ఏమన్న అయితదా సార్?"

మొయినాబాద్ దాటి చేవెళ్ల పోయే దారిలో, మర్రిచెట్ల నీడన చాయ్ తాగుతుంటే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తన ఫోను నా చేతిలో పెట్టి అడిగిన మాట ఇది. తెరమీద నల్లటి నేల, నీలం గోడల చిక్కుదారి. అందులో నోరు తెరుస్తూ మూస్తూ చుక్కల్ని మింగుకుంటూ పోయే పసుపుపచ్చ గుండ్రటి బొమ్మ. దాని వెంట నాలుగు దయ్యాలు: ఒకటి ఎరుపు, ఒకటి గులాబీ, ఒకటి లేత నీలం, ఒకటి నారింజ. పైన పేరు 'పాక్‌మాన్ తెలంగాణ'.

"కోడంత నేనే రాసిన సార్. ఒక్క లైను గూడ యాడికెల్లి తీస్కోలే" అన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ కూడా చూపించాడు. దయ్యం ఏ మలుపు దగ్గర ఎటు తిరగాలో లెక్క కట్టిన భాగం వచ్చేసరికి ఆగి, అది కుదరడానికి వారం రోజులు పట్టిందన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో ఉన్న సంతోషం పని నేర్చుకున్నవాడి సంతోషం.

నేను అప్పటికప్పుడు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. పైకి ఒక్కటిగా కనిపించే ఆ ప్రశ్నలో ఐదారు ప్రశ్నలున్నాయి. పాత వీడియో గేమును చూసి అలాంటిదే మళ్లీ చేయడాన్ని చట్టం ఏమంటుంది? అన్నిటికీ ఒకే జవాబు లేదు. కానీ మన చట్టాన్నీ, కోర్టు తీర్పులనూ, బయటి దేశాల అనుభవాన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. ఆట అందరిది, బొమ్మ చేసినవాడిది. ఆడే తీరు ఎవరి సొత్తూ కాదు; దానికి ఒకరు తమ చేత్తో తొడిగిన రూపం మాత్రం వారిదే.

క్యాసెట్ల కాలం నుంచి

ఈ ప్రశ్న మన ఇళ్లలోకి వచ్చి చాలా కాలమైంది. తొంభైల్లో ఊళ్లో ఒక్క ఇంట్లో వీడియో గేమ్ డబ్బా ఉంటే వాడకట్టు పిల్లలంతా అక్కడే. పసుపుపచ్చ ప్లాస్టిక్ క్యాసెట్, దాని మీద మారియో, కాంట్రా బొమ్మలు, '9999 ఇన్ 1' అనే అక్షరాలు. లోపల ఉండేవి పదో ఇరవయ్యో ఆటలే. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. తెర మీద బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి, దాని అడుగున వరసగా ఉండే ఇత్తడి రంగు పళ్ల మీద ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. గంటకు ఇంతని ఇచ్చి డేవ్, రోడ్ రాష్, వైస్ సిటీ ఆడాం. ఆ క్యాసెట్లలో, ఆ సీడీల్లో ఎక్కువ భాగం అనుమతి లేకుండా ఎక్కించినవని అప్పుడు మాకు తెలియదు. చెప్పినవాళ్లూ లేరు.

ఇప్పుడు ఆడే చోటే తయారుచేసే చోటు కూడా అయింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. ఛోటా భీమ్‌ను సృష్టించిన గ్రీన్ గోల్డ్ సంస్థ హైదరాబాద్‌దే. 2017లో వచ్చిన 'అసుర' గేమును చేసిన ఓగ్రే హెడ్ స్టూడియో కూడా ఇక్కడిదే. మొయినాబాద్, గండిపేట దారుల్లోని ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం మొదట చేసేవి పాత ఆటలే: పాము ఆట, ఇటుకలు పేర్చే ఆట, చుక్కలు మింగే ఆట. నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. నేర్చుకున్నదాన్ని నలుగురికీ పంచే చోటే చట్టం ఎదురవుతుంది.

ఒక ఆటలో ఎన్ని హక్కులు

1957 నాటి మన కాపీరైట్ చట్టంలో వీడియో గేమ్ అనే విభాగం ఎక్కడా లేదు. చట్టం ఆటను ముక్కలుగా చూస్తుంది. కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కింద లెక్కిస్తుంది. అంటే గేము కోడ్‌కు నవలకు ఉన్నంత రక్షణ ఉంది. పాత్రల బొమ్మలు, నేపథ్య చిత్రాలు కళాఖండాలు. వెనక మోగే బాణీ సంగీత రచన, దాని రికార్డింగు మరో హక్కు. తెర మీద కదిలే దృశ్యాన్ని సినిమాగా చూడాలన్న వాదనకూ చట్టంలోని నిర్వచనంలో చోటుంది, ఎందుకంటే ఆ నిర్వచనం కదిలే బొమ్మల రికార్డింగు దేన్నయినా పట్టుకునేంత విశాలంగా ఉంది.

ఆ విద్యార్థి "కోడంత నేనే రాసిన" అన్నప్పుడు ఈ ముక్కల్లో ఒక్కదానికే జవాబు చెప్పాడు. కోడ్ సొంతమే. కానీ పసుపు బొమ్మ, నాలుగు దయ్యాల రంగులూ రూపాలూ, పేరు, చుక్క మింగినప్పుడు వచ్చే చప్పుడు ఎవరివి? కోడ్ ముట్టకుండానే మిగతావన్నీ దించేయవచ్చు.

"పాతదే గద సార్, నలభై ఏండ్లయింది" అని కూడా అన్నాడు. ఈ భ్రమ చాలామందికి ఉంది. మన దేశంలో సాహిత్య రచనకు, కళాఖండానికి కాపీరైట్ రచయిత జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు. సినిమాకు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. పాక్‌మాన్ 1980లో జపాన్‌కు చెందిన నామ్కో సంస్థ నుంచి వచ్చింది. దాన్ని సినిమా లెక్కన చూసినా 2040 చివరిదాకా హక్కు నడుస్తుంది. బొమ్మలకు, కోడ్‌కు ఇంకా ఎక్కువ కాలం. అమ్మకానికి వచ్చిన వీడియో గేముల చరిత్రే ఇంకా అరవై ఏళ్లు నిండనిది. మనం పాత ఆటలనుకునేవేవీ చట్టం దృష్టిలో పాతవి కావు.

ఆలోచనకు పట్టా లేదు

ఇక్కడే చట్టంలో రెండో సగం మొదలవుతుంది. మన దేశంలో దీనికి పునాది రాయి 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిలిమ్స్ తీర్పు. ఆనంద్ 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాశారు. ప్రాంతీయ దురభిమానం అందులో విషయం. 1956లో వచ్చిన 'న్యూఢిల్లీ' సినిమా తన నాటకానికి నకలేనని కోర్టుకెక్కారు. విషయం ఒకటే అయినా దాన్ని నడిపిన తీరు వేరంటూ కోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. ఆలోచన, ఇతివృత్తం, చారిత్రక వాస్తవం ఎవరి సొత్తూ కావు. వాటిని ఒకరు పలికించిన తీరుకే రక్షణ. రెండింటినీ చూసిన మామూలు మనిషికి ఇది దానికి నకలేనన్న అభిప్రాయం తప్పకుండా కలిగితే అప్పుడు ఉల్లంఘన.

సినిమా కథల తగాదాల్లో ఈ తీర్పు వినని తెలుగు రచయిత ఉండడు. ఆటల విషయంలో కూడా మనకు ఇదే కొలబద్ద. చిక్కుదారిలో వెంటపడటం, పైనుంచి జారే ముక్కల్ని పేర్చడం, తోక పెరిగేకొద్దీ తనను తాను తాకకుండా పాము తిరగడం, ఇవన్నీ ఆలోచనలు. నోకియా 6110లో 1997లో వచ్చిన పాము ఆటకు కూడా 1976 నాటి 'బ్లాకేడ్' అనే ఆట పూర్వీకుడు. ఒకరి ఆట మీద ఇంకొకరు కట్టుకుంటూ పోవడం వల్లే ఈ కళ పెరిగింది.

పేటెంటు చట్టం ఇంకా సూటిగా చెప్పింది. ఆట ఆడే పద్ధతి పేటెంటు పొందదగిన ఆవిష్కరణ కాదని సెక్షన్ 3లో రాసే ఉంది. కంప్యూటర్ ప్రోగ్రాము కూడా దానికదిగా పేటెంటుకు పనికిరాదు. అన్ని దేశాలూ ఇలా లేవు. జపాన్‌లో 2024లో నింటెండో 'పాల్‌వరల్డ్' చేసిన సంస్థ మీద వేసిన దావా పేటెంట్ల మీదే. ఈ తలుపు తెరిచి ఉంచడంలో మన చట్టం ముందుచూపుతో ఉంది.

కలకత్తా అన్నదమ్ముల అక్షరాల ఆట

ఆటల నకళ్ల మీద మన దేశంలో అందరూ ముందుగా చెప్పుకోవలసిన కేసు 2008 నాటిది. కలకత్తాకు చెందిన రజత్, జయంత్ అగర్వాలా అనే అన్నదమ్ములు ఇంటర్నెట్‌లో 'స్క్రాబ్యులస్' పేరుతో అక్షరాల ఆట పెట్టారు. 2007లో అది ఫేస్‌బుక్‌లోకి ఎక్కి లక్షల మందికి రోజువారీ అలవాటైపోయింది. అది స్క్రాబుల్‌కు అచ్చమైన రూపమని చూసినవాళ్లందరికీ తెలుసు. స్క్రాబుల్ హక్కులు అమెరికా, కెనడాల్లో హాస్బ్రోవి, మిగతా ప్రపంచంలో మాటెల్‌వి. మాటెల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

2008 సెప్టెంబరులో జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ మధ్యంతర దశలో ఇచ్చిన ఉత్తర్వు రెండు ముక్కలుగా ఉంది. రెండూ ముఖ్యమే. మొదటిది, ఆట నియమాలకు కాపీరైట్ లేదు. పలక మీది రంగుగళ్ల అమరికకు కూడా లేదు, ఎందుకంటే ఏ గడిలో అక్షరం విలువ రెట్టింపవుతుంది, ఏ గడిలో మాట విలువ మూడింతలవుతుంది అన్నది ఆట నియమంతో ముడిపడిన విషయం. నియమం తెలియనివాడికి ఆ రంగులకు అర్థమే లేదు. ఒక ఆలోచనను చెప్పడానికి ఒకటీ అరా దారులే ఉన్నప్పుడు ఆ దారికి హక్కు ఇస్తే ఆలోచనకే హక్కు ఇచ్చినట్టవుతుంది. నూనె నీళ్లలా వేరు చేయలేని చోట, పాలు నీళ్లలా కలిసిపోయిన చోట, కాపీరైట్ వెనక్కి తగ్గాలి.

రెండోది పేరు. స్క్రాబ్యులస్ అనే మాట వినగానే స్క్రాబుల్ గుర్తొస్తుంది. ఆ పేరు వాడొద్దని కోర్టు ఆంక్ష పెట్టింది. అన్నదమ్ములు ఆటకు 'లెక్సులస్' అని పేరు మార్చుకున్నారు, ఆట కొనసాగింది. మన పిల్లలకు నేర్పవలసిన పాఠం ఈ కేసులో మొత్తం ఉంది: ఆట నిలిచింది, పేరు పోయింది.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. స్క్రాబుల్ పలక మీద బొమ్మలు లేవు, పాత్రలు లేవు. వీడియో గేము అలా కాదు. పాత్రలున్న ఆట దాకా ఈ తీర్పును ఈడ్చుకురాలేం.

బయటి కోర్టులు గీసిన గీతలు

ఆ వెలితిని పూరించుకోవడానికి అమెరికా తీర్పులు చూడాలి. అవి మన కోర్టులను కట్టిపడేయవు, కానీ న్యాయవాదులు ఎప్పుడూ ముందు పెడతారు.

1981లో అటారీ సంస్థ తన 'ఆస్టరాయిడ్స్'ను పోలిన 'మీటియర్స్' మీద దావా వేసింది. జడ్జి రెండింటి మధ్య 22 పోలికలు లెక్కపెట్టి కూడా దావా కొట్టేశారు. అంతరిక్షంలో ఓడ, ఎదురొచ్చే బండలు, పేలితే ముక్కలవడం, ఆ ఆలోచన ఎత్తుకున్న ఎవరికైనా ఇవి తప్పవన్నారు. 1988లో కరాటే ఆటల కేసులోనూ అంతే. తెల్ల బట్టలు, ఎర్ర బట్టలు, మధ్యలో రెఫరీ అన్నవి కరాటేకే చెందినవి, ఏ ఒక్క కంపెనీకీ కాదు.

మన విద్యార్థికి దగ్గరి కేసు 1982 నాటిది. ఫిలిప్స్ సంస్థ 'కె.సి. మంచ్‌కిన్' అనే ఆట తెచ్చింది. చిక్కుదారి, చుక్కలు, వెంటాడే భూతాలు. చిక్కుదారికీ చుక్కలకూ పాయింట్ల పట్టీకీ రక్షణ లేదని అప్పీలు కోర్టు ఒప్పుకుంది. కానీ మింగే బొమ్మ, దయ్యాలు పాక్‌మాన్‌వాటికి మరీ దగ్గరగా ఉన్నాయనీ, అవి ఆట నియమం వల్ల తప్పనిసరైనవి కావనీ తేల్చి అమ్మకం ఆపించింది. వెంటాడేది దయ్యమే కానక్కర్లేదు, మింగేది గుండ్రంగా ఉండనక్కర్లేదు. తప్పనిసరి కానిదాన్ని ఎత్తుకోవడమే నేరమైంది.

2012లో టెట్రిస్ కేసు ఈ గీతను ఇంకొంచెం కఠినం చేసింది. 1984లో రష్యాలో అలెక్సీ పజిత్నోవ్ చేసిన ఆ ఆటకు ఒక చిన్న సంస్థ ఐఫోన్‌లో 'మినో' పేరుతో నకలు పెట్టింది. వాళ్లు న్యాయవాదిని అడిగే పని మొదలుపెట్టారు. నియమాలకు హక్కు లేదు కదా అన్నారు. ముక్కలు జారడం, తిప్పడం, వరస నిండితే మాయమవడం ఎవరైనా వాడుకోవచ్చని కోర్టు కూడా ఒప్పుకుంది. కానీ పలక పది గళ్ల వెడల్పు, ఇరవై గళ్ల ఎత్తే ఎందుకు ఉండాలి? ముక్కల మెరుపు, అంచులు, రంగులు అవే ఎందుకు కావాలి? రెండు తెరలూ పక్కపక్కన పెడితే ఏది ఏదో తెలియలేదు. టెట్రిస్ గెలిచింది.

మన కాపీరైట్ చట్టానికి తల్లి వంటి ఇంగ్లండ్‌లో 2007లో 'నోవా' కేసు మరో అంచుకు వెళ్లింది. నాణేలేసి ఆడే పూల్ ఆటల తగాదా అది. తెర మీది ఒక్కొక్క దృశ్యం కళాఖండమే గానీ, ఆట నడక మొత్తానికి వేరే రక్షణ లేదంది అప్పీలు కోర్టు. బొమ్మ దించలేదు, ఆలోచన మాత్రమే తీసుకున్నారు కాబట్టి తప్పు లేదు. ఆర్.జి. ఆనంద్ తీర్పును చదివిన మన జడ్జి ఈ రెండు అంచుల మధ్య ఎక్కడో నిలబడతారు. గేమింగ్ యాప్‌ల తగాదాల్లో ఢిల్లీ హైకోర్టు ఇప్పటివరకూ ఆట ఆలోచనకు కంచె వేయడానికి ఇష్టపడలేదు.

పేరుకు వేరే చట్టం

'పాక్‌మాన్ తెలంగాణ' అన్న పేరులో రెండో మాట మనదే గానీ మొదటిది మనది కాదు. పేర్లకు కాపీరైట్ లేదని 2015లో కృషికా లుల్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతమాత్రాన పేరు ఊరుమ్మడి కాదు. అది ట్రేడ్‌మార్క్ చట్టం కిందికి వస్తుంది. వాడుకలో ఉన్నంత కాలం పదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోతే దానికి ఆఖరి తేదీ కూడా ఉండదు. నకలు ఆటలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. పేరు, యాప్ గుర్తు, స్టోర్‌లో పెట్టే బొమ్మలు చూసి కొనేవాడు పొరబడతాడా అన్నదే ఇక్కడి పరీక్ష.

విమర్శ కోసం వాడుకుంటే వేరే లెక్క. ఒడిశాలోని ధామ్రా ఓడరేవు వల్ల సముద్రపు తాబేళ్లకు ముప్పని చెప్పడానికి గ్రీన్‌పీస్ సంస్థ పాక్‌మాన్ తరహాలో 'టర్టిల్ వర్సెస్ టాటా' అనే ఆట చేసింది. తమ గుర్తు వాడారని టాటా సన్స్ కోర్టుకెళ్లింది. 2011 జనవరిలో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఆంక్ష ఇవ్వడానికి నిరాకరించింది. ప్రజలకు సంబంధించిన విషయంలో వ్యంగ్యానికీ విమర్శకూ చోటుండాలన్నది ఆ తీర్పు సారం.

విప్పి చూసే హక్కు

పాత ఆటను మళ్లీ చేయాలంటే అది ఎలా నడుస్తుందో విప్పి చూడాలి. ఇది దొంగతనమా? మన చట్టం కాదంటోంది. ప్రోగ్రాము వెనక ఉన్న ఆలోచనలనూ సూత్రాలనూ తెలుసుకోవడానికి దాన్ని నడిపి చూడటం, పరిశీలించడం, పరీక్షించడం ఉల్లంఘన కాదని సెక్షన్ 52లో ఉంది. వేరే ప్రోగ్రాముతో కలిసి పనిచేయించడానికి కావలసిన సమాచారం రాబట్టుకోవచ్చని ఉంది. చట్టబద్ధంగా కొన్న ప్రతికి జాగ్రత్త కోసం నకలు తీసుకోవచ్చని, సొంత వాడకానికి, వ్యాపారం కాని పనికి మార్చుకోవచ్చని కూడా ఉంది. మొయినాబాద్ విద్యార్థికి ఇంత మంచి నిబంధన మరొకటి లేదు. కాలేజీ కంప్యూటర్ల దగ్గర దీన్ని తెలుగులో రాసి పెట్టాలి.

లోకంలో ఇలాంటి వెసులుబాటును చక్కగా వాడుకున్నవాళ్లున్నారు. 1997 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ 'డూమ్' ఆట కోడ్‌ను అందరికీ ఇచ్చింది, బొమ్మలను మాత్రం ఇవ్వలేదు. అప్పుడు కొందరు ఔత్సాహికులు బొమ్మలు, చప్పుళ్లు, గదుల నమూనాలు అన్నీ కొత్తగా చేసి 'ఫ్రీడూమ్' తెచ్చారు. 1995 నాటి 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్'ను మళ్లీ కట్టిన 'ఓపెన్ టీటీడీ' మొదట అసలు ఆట ఫైళ్లు ఉంటేనే నడిచేది. 2010 నాటికి సొంత బొమ్మలు సిద్ధం చేసుకుని వాటి అవసరం లేకుండా నిలబడింది.

ఎదురుదెబ్బ తిన్నవాళ్లూ ఉన్నారు. మన నెట్ సెంటర్ల తరం పాడుకున్నంతగా ఆడిన వైస్ సిటీని, దాని ముందు వచ్చిన జీటీఏ 3ని కొందరు అభిమానులు విప్పి, కోడ్‌ను తిరగరాసి 2021లో అందరికీ పెట్టారు. హక్కుదారు టేక్-టూ ముందు నోటీసు పంపింది, అదే ఏడాది సెప్టెంబరులో కాలిఫోర్నియాలో దావా వేసింది. తేడా ఎక్కడుంది? సూత్రం తెలుసుకుని సొంతంగా రాయడం ఒకటి. యంత్రభాషలోని కోడ్‌ను వరస వెంబడి మనిషి చదివే భాషలోకి తిప్పడం ఇంకొకటి. రెండోది అనువాదం లాంటిది, అనువాద హక్కు రచయితది.

ఆట యంత్రాన్ని విప్పి చూడటం మీద, పాత యంత్రాన్ని కొత్త ఫోనులో అనుకరించే ఎమ్యులేటర్ల మీద అమెరికా కోర్టులు మొదట్నుంచీ కొంత ఉదారంగానే ఉన్నాయి. 1992 నాటి సేగా-అకొలేడ్ తీర్పు, 2000 నాటి సోనీ-కనెక్టిక్స్ తీర్పు అందుకు సాక్ష్యం. 2024 ఏప్రిల్లో 'డెల్టా' అనే ఎమ్యులేటర్ ఆపిల్ స్టోర్‌లోకే వచ్చింది. కానీ అందులో పోసి నడిపే గేము ఫైలు వేరే విషయం. ఇంటర్నెట్ నుంచి దించుకున్న కాంట్రా ఫైలు ఎంత పాతదైనా అనుమతి లేని ప్రతే. నకళ్లను ఆపడానికి గేముకు వేసే డిజిటల్ తాళం పగలగొట్టడం ఇంకో గొడవ. నింటెండో ఆట యంత్రం 'స్విచ్'ను అనుకరించే ఎమ్యులేటర్ 'యుజు'ను చేసినవాళ్లు 2024 మార్చిలో ఆ సంస్థకు 24 లక్షల డాలర్లు ఇచ్చి మూసేసుకున్నారు. మన చట్టంలో 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ తాళం పగలగొట్టేవాడికి రెండేళ్ల దాకా జైలు అంటుంది, కానీ ఉల్లంఘన చేయాలన్న ఉద్దేశం ఉంటేనే. చదువు కోసం విప్పేవాడికి ఆ మాట రక్ష.

శిక్షల సంగతి కూడా తెలిసుండాలి. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. లాభం కోసం చేయకపోతే కోర్టు తగ్గించవచ్చు. అయితే మన పిల్లలకు మొదట తగిలేది కోర్టు కాదు, స్టోర్ నుంచి వచ్చే తొలగింపు నోటీసు. యాప్ ఆ రోజే మాయమవుతుంది. కంపెనీలు దావా వేస్తే ఢిల్లీలోనో ముంబైలోనో వేస్తాయి. చేవెళ్ల నుంచి వాయిదాలకు తిరగడం కూడా శిక్షే.

యజమాని లేని ఇల్లు

ఇప్పటివరకూ చెప్పింది చట్టం బాగున్న చోట. బాగులేని చోటు ఒకటుంది.

అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. కంపెనీలు మూతపడ్డాయి, చేతులు మారాయి; హక్కు ఎవరిదో వాళ్లకే తెలియని ఆటలున్నాయి. క్యాసెట్లోని చిప్పు, సీడీ మీది పూత కాలంతో పాడవుతాయి. 'వదిలేసిన ఆట' అని జనం అనుకోవడమే గానీ చట్టంలో ఆ మాట లేదు. సెక్షన్ 21 కింద రచయితే ముందుకొచ్చి హక్కు వదులుకుంటున్నానని ప్రకటించాలి. 2003లో 'బినీత్ ఎ స్టీల్ స్కై' ఆటను దాని సంస్థే ఉచితంగా ఇచ్చింది. అలాంటి మనసున్న సంస్థలు కొన్నే.

యజమాని దొరకని రచనలకు సెక్షన్ 31ఎ కింద లైసెన్సు అడగవచ్చు. కానీ అందుకు ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన వేయాలి, దరఖాస్తు పెట్టుకోవాలి, రాయల్టీ జమ చేయాలి. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు మోయగల బరువు కాదది. గ్రంథాలయాలకు ఇచ్చిన మినహాయింపు ఇంకా విచిత్రంగా ఉంది. భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ ప్రతి తీసుకోవచ్చు గానీ, గ్రంథాలయం దగ్గర డిజిటల్ కాని ప్రతి ముందే ఉండాలట. పుస్తకానికి అది సరిపోతుంది. వీడియో గేము పుట్టుకే డిజిటల్. దానికి కాగితపు ప్రతి ఎక్కడిది? 2012లో పుస్తకాన్ని మనసులో పెట్టుకుని రాసిన ఆ ఒక్క మాట వల్ల ఈ కళారూపం మొత్తం గ్రంథాలయం గడప బయట నిలబడిపోయింది.

మన ప్రజాగ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు పాత ఆటలను భద్రపరిచేందుకు వీలుగా ఆ నిబంధనను సవరించాలి. కొన్నేళ్లుగా ఎక్కడా అమ్మకానికి లేని ఆటకు, పరిశోధన కోసం ప్రతి తీయడం ఉల్లంఘన కాదని రాయాలి. హక్కుదారు ఆటను మళ్లీ అమ్మకానికి పెట్టిన రోజున ఆ మినహాయింపు దానంతటది ఆగిపోయేలా పెడితే ఎవరికీ నష్టం లేదు. అమెరికాలో పరిశోధకులకు దూరం నుంచి పాత ఆటలు చూసే వీలు ఇవ్వడానికి అక్కడి కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో ఒప్పుకోలేదు. వాళ్ల బాటే మనం పట్టనక్కర్లేదు.

రాతి మీది ఆట

మన వైపు పాత గుడుల అరుగుల మీద, రచ్చబండల మీద పులి-మేక గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. త్రికోణం, దానికి అడ్డంగా గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు. ఎవరు మొదట చెక్కారో తెలియదు. చూసినవాడల్లా తన ఊరి బండ మీద గీసుకున్నాడు. అష్టాచెమ్మ, ఓమనగుంటలు, వైకుంఠపాళి అన్నీ అలా నకలు మీద నకలుగా మన దాకా వచ్చినవే. మన పచ్చీసు ఇంగ్లండ్ వెళ్లి లూడోగా మారి, 1896లో అక్కడ పేటెంటు కూడా తెచ్చుకుంది. నియమాలను కాపీ చేసే స్వేచ్ఛ లేకపోతే వీటిలో ఒక్కటీ మిగిలేది కాదు.

అదే సమయంలో, రేపు హైదరాబాద్ స్టూడియోలో ఒకమ్మాయి రెండేళ్లు కూర్చుని గీసిన పాత్రను ఎవరో వారంలో దించి స్టోర్‌లో పెడితే మనం ఊరుకోం, ఊరుకోకూడదు. నామ్కో బొమ్మకు మనం ఇచ్చే గౌరవమే ఆమె బొమ్మకు రేపు దక్కే రక్షణ.

ఆ విద్యార్థికి చెప్పిన జవాబు ఇది. కోడ్ నీదే, ఉంచుకో. చిక్కుదారి, చుక్కలు, వెంటాడటం, మధ్యలో బలం వస్తే తిరగబడటం ఎవరివీ కావు, ఉంచుకో. గోడల నమూనా మాత్రం కొత్తగా గీయి. పసుపు గుండు, నాలుగు దయ్యాలు, ఆ చప్పుడు, ఆ పేరు తీసేయి. కాలేజీ ప్రాజెక్టుగా చూపించుకోవడానికి ఇప్పుడున్నదీ సరే. నలుగురికీ పెట్టాలంటే మార్చాల్సిందే.

నెల తర్వాత మళ్లీ కలిశాడు. తెర మీద ఎండిన పొలం గట్ల చిక్కుదారి. ఆకులు మేసుకుంటూ పోతున్న మేక, వెంట మూడు పులులు. మేక దారిలో గంట దొరికితే గొర్లకాపరి కుక్క వస్తుంది, పులులు వెనక్కి తిరుగుతాయి. మేక చెవి ఒకటి కిందికి వాలి ఉంది. వాళ్లింట్లో మేకకు అలాగే ఉంటుందట. దయ్యాల మలుపుల కోసం వారం పట్టిన లెక్క అలాగే ఉంది, ఇప్పుడది పులులను నడుపుతోంది.

ఈసారి అతను అడిగిన ప్రశ్న వేరు. "సార్, నా మేక బొమ్మను ఎవలన్న తీస్కుంటే ఎట్ల?" కాపీరైట్ గీసిన క్షణం నుంచే ఉంటుందనీ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సాక్ష్యంగా పనికొస్తుందనీ చెప్పాను. మొదట పెన్సిలుతో గీసిన కాగితాలున్నాయా అని అడిగితే, సంచిలోంచి మడతలు పడ్డ నాలుగు తీశాడు. వాటి మీద తేదీలు వేసి దాచుకొమ్మన్నాను. చాయ్ దుకాణం బల్ల మీదే పెన్ను తీసి, ఏ రోజు గీశాడో గుర్తు చేసుకుంటూ ఒక్కొక్క కాగితం మీదా రాసుకున్నాడు.